ఆల్జీబ్రా హోంవర్క్‌కి ఏడాది ప్యాకేజీ కట్టే ముందు: అపోహలు - వాస్తవాలు

"ఎనిమిదో క్లాసు దాటాక ఆల్జీబ్రా మనవల్ల కాదండి, ఎంతయినా సరే పెద్ద కోచింగ్‌లో చేర్పించాల్సిందే." బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు మన తెలుగువాళ్ల నోట పదే పదే వినిపించే మాట ఇది. ఆ భయంతోనే ఈఎంఐ కాగితాల మీద సంతకాలు పెట్టేస్తున్నారు.

అపోహ: వెనకబడ్డ పిల్లలకి ఏడాది కోర్సే దిక్కు.

వాస్తవం: చాలామందికి రానిది ఆల్జీబ్రా కాదు. ఆరు, ఏడు తరగతుల మైనస్ గుర్తులు, భిన్నాలు, బ్రాకెట్లు గట్టిపడలేదు, అంతే. ప్యాకేజీ క్లాసు సిలబస్ వెంట పరుగెడుతుంది, పాత లోపం అలాగే ఉండిపోతుంది. డబ్బు కట్టే ముందు పిల్లల చేత ఈ ఒక్క లెక్క చేయించండి:

(2ఎక్స్ − 3)/4 − (ఎక్స్ − 5)/3 = 1

రెండు వైపులా 12తో గుణిస్తే 3(2ఎక్స్ − 3) − 4(ఎక్స్ − 5) = 12. బ్రాకెట్లు తీస్తే 6ఎక్స్ − 9 − 4ఎక్స్ + 20 = 12. అంటే 2ఎక్స్ = 1, జవాబు 1/2.

తప్పు జవాబు వచ్చినా కంగారు పడకండి, లోపం ఎక్కడుందో అదే చెబుతుంది. 41/2 వచ్చిందా? బ్రాకెట్ ముందున్న మైనస్ లోపలి గుర్తును మార్చలేదు, +20 బదులు −20 రాశారు. −5 వచ్చిందా? కుడివైపు 1ని 12తో గుణించడం మర్చిపోయారు. 5 వస్తే బ్రాకెట్‌లో మొదటి పదాన్నే గుణించి రెండోదాన్ని వదిలేశారు. 2ఎక్స్ = 1 దాకా సరిగ్గా వచ్చి చివర్లో 2 అని రాస్తే భాగహారం తిరగబడింది.

ఇలాంటి లెక్కలు మరో నాలుగు చేయించి, అదే తప్పు మళ్లీ వస్తోందేమో చూడండి. ఆ కాగితాలు పట్టుకుని ట్యూటర్‌ని వెతకండి. "మా అమ్మాయికి బ్రాకెట్ ముందు మైనస్ దగ్గర తడబాటు, ఇది సరిచేయగలరా?" అని అడిగితే వారానికి రెండు గంటల చొప్పున కొద్ది వారాల్లో తేలే పని అది. దగ్గర్లోని పీజీ హాస్టల్లో ఉండే బీఎస్సీ మ్యాథ్స్, ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా చేయగలరు. ఫీజు గంట లెక్కన మాట్లాడుకోండి. మొదటి గంట పక్కనే కూర్చోండి: పెన్ను పిల్ల చేతిలో ఉంటే మంచి ట్యూటర్, ట్యూటర్ చేతిలోనే ఉంటే వేరేవాళ్లని చూసుకోండి. అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు నలుగురు కలిస్తే ఖర్చు పంచుకోవచ్చు. కానీ ఒకే క్లాసువాళ్లని కాదు, ఒకే లోపం ఉన్నవాళ్లని కలపండి. ఏడాది ఫీజు ముందే కట్టమంటే ఆ రోజు సంతకం పెట్టకండి. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా అడగండి.

అపోహ: ఖరీదైన మెటీరియల్ కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలూ ఎగ్జెంప్లర్ (అదనపు సాధన) లెక్కలూ పీడీఎఫ్‌లో ఉచితం. సీబీఎస్ఈ నమూనా ప్రశ్నపత్రాలు, మార్కింగ్ స్కీములూ ఉచితమే. పదో తరగతి లెక్కల పేపర్ 80 మార్కులైతే ఆల్జీబ్రా యూనిట్‌కి 20. ఏ స్టెప్పుకి ఎన్ని మార్కులో మార్కింగ్ స్కీమ్ చూస్తే తెలుస్తుంది.

అపోహ: ఫోటో తీస్తే యాప్ చేసేస్తుంది.

వాస్తవం: ఫోటోమ్యాత్ లాంటివి స్టెప్పులు చూపిస్తాయి, నిజమే. పిల్లలు ముందు సొంతంగా చేసి, తర్వాత ఒక్కో వరస పోల్చి, మొదట తేడా వచ్చిన చోట గుండ్రం చుట్టాలి. ఎత్తిరాస్తే పరీక్షలో మిగిలేది ఖాళీ కాగితమే.

అపోహ: తెలుగు మీడియంలో చదివిన తల్లిదండ్రులు సాయం చేయలేరు.

వాస్తవం: ఈ మాట విని నొచ్చుకునే అమ్మానాన్నలు చాలామంది. మీకు ఆల్జీబ్రా గుర్తులేకపోయినా జవాబు సరిచూడగలరు. ఎక్స్ ఉన్న చోట 1/2 పెట్టండి: మొదటి భాగం −1/2, రెండోది −3/2. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 1. కుడివైపున్నదీ అదే. ఇంగ్లీషు పదాలు అడ్డొస్తే, ఆంధ్రప్రదేశ్ ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, పక్క పేజీ తెలుగులో ఉంటుంది. వాటి పీడీఎఫ్‌లు కూడా ఉచితమే.