మేఘా ప్రస్థానం: ఎం-బుక్ మూసిన చోట మొదలు

జాతీయ రహదారుల సంస్థ 2025 జూన్‌లో హైదరాబాద్ కాంట్రాక్టు కంపెనీ మేఘా ఇంజినీరింగ్‌ను ఏడాదిపాటు కొత్త టెండర్లకు దూరం పెట్టింది. కేరళలోని కాసర్‌గోడ్ జిల్లా చెరువత్తూరు దగ్గర 66వ నంబరు రహదారి పక్కన గట్టు జారిపడింది. డిజైన్ సరిగా లేదని, వాలుకు రక్షణ చాలలేదని, నీరు పోయే దారి లేదని ఆ సంస్థ తప్పుపట్టింది. అదే ఏడాది కర్ణాటకలోని కైగాలో రెండు 700 మెగావాట్ల అణు రియాక్టర్ల పనిని అణు విద్యుత్ సంస్థ రూ.12,800 కోట్లకు ఇదే కంపెనీకి అప్పగించింది. మట్టిగట్టు దగ్గర పనికిరాదన్న కంపెనీ రియాక్టర్ దగ్గర పనికొచ్చింది. దాంతో హైదరాబాద్ కాంట్రాక్టు వర్గాల్లో పాత ప్రశ్న మళ్లీ లేచింది: వీళ్లు ఇంతగా ఎలా పెరిగారు?

1989 నాటి చిన్న పైపుల యూనిట్, దాన్ని మొదలుపెట్టిన పి.పి.రెడ్డి, తర్వాత పగ్గాలు పట్టిన పి.వి.కృష్ణారెడ్డి... ఈ కథ తెలియనివారు లేరు. ఎన్నికల బాండ్ల సంగతీ అంతే. 2024 మార్చిలో బయటపడిన జాబితా ప్రకారం మేఘా కొన్న బాండ్లు రూ.966 కోట్లు, దేశంలో రెండో స్థానం. గ్రూపులోని వెస్టర్న్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ కంపెనీ కొన్నవి మరో రూ.220 కోట్లు. అంకెలు పెద్దవే. కానీ బాండ్ల పథకం వచ్చింది 2018లో. అప్పటికే కంపెనీ కాళేశ్వరం సొరంగాల్లో ఉంది. ఎదుగుదలకు మూలం అక్కడ వెతికితే దొరకదు.

దొరికేది 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమం జలయజ్ఞం మొదలైనప్పుడు.

అంతకుముందు సాగునీటి పని అంటే ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) టేపు పట్టుకొని గట్టు మీద నడుస్తాడు, ఇన్ని ఘనపు మీటర్ల మట్టి, ఇన్ని ఘనపు మీటర్ల కాంక్రీటు అని కొలత రాస్తాడు, పై అధికారి డీఈ సరిచూస్తాడు, ఆ కొలతకు రేటు కడితే బిల్లు. జలయజ్ఞం ప్యాకేజీలను ఈపీసీ పద్ధతిలో ఇచ్చారు. సర్వే, డిజైన్, సామగ్రి కొనుగోలు, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరువే. ధర మొత్తంగా ఒక్కటే. ఎంత తవ్వారన్నదానికన్నా పనిలో ఎంత శాతం అయిందన్నదే బిల్లుకు ఆధారం. పరిశోధన పూర్తికాకుండానే పనులు అప్పగించారని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2012 నాటి జలయజ్ఞం నివేదికలో తప్పుపట్టింది. ఆ నివేదిక గురించి నాలుగు రోజులు మాట్లాడుకుని మర్చిపోయాం.

మేఘాను నీటి కంపెనీ అనడం మనకు అలవాటు. అది సగమే నిజం. ఎత్తిపోతల అంటే కాలువ కన్నా ముందు కరెంటు పని: సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు, హైటెన్షన్ లైన్లు. రాయలసీమలో హంద్రీ-నీవా ఎత్తిపోతల పంపులు బిగించిన కంపెనీకి ఆ పనితోపాటు ఒక కాగితం కూడా వచ్చింది: అనుభవ ధ్రువపత్రం. టెండరు గదిలో దానికున్న విలువ బ్యాంకు డబ్బుకు కూడా ఉండదు. నిన్నటి పని పత్రమే రేపటి పనికి అర్హత.

కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్‌కు వెళ్తే ఇది కళ్లకు కనబడుతుంది. నేలకు 470 అడుగుల లోతున, కాళేశ్వరం 8వ ప్యాకేజీ పంప్‌హౌస్‌లో ఏడు యంత్రాలు వరుసగా ఉంటాయి, ఒక్కొక్కటి 139 మెగావాట్లది. అన్నీ ఒకేసారి తిరిగితే 973 మెగావాట్లు. ఒక పెద్ద థర్మల్ కేంద్రం ఇచ్చే కరెంటును ఈ ఒక్క గుహే తాగేస్తుంది. కట్టింది మేఘా. యంత్రాలు ప్రభుత్వ రంగ బీహెచ్ఈఎల్‌వి.

ఇక్కడే కాగ్ 2024 నివేదికను దగ్గర పెట్టుకోవాలి. కాళేశ్వరంలోని నాలుగు ప్యాకేజీల్లో పంపులు, మోటార్ల వంటి సామగ్రికి అంచనాల్లో చూపింది సుమారు రూ.7,212 కోట్లు, వాటిని సరఫరా చేసిన బీహెచ్ఈఎల్‌కు ముట్టింది సుమారు రూ.1,686 కోట్లు. పన్నులు, బిగింపు, ఇతర ఖర్చులు కలిపినా ఈ తేడా పూడదని, కాంట్రాక్టర్లకు అనుచిత లబ్ధి కలిగి ఉండవచ్చని కాగ్ రాసింది. ఇది ఒక్క మేఘాను ఉద్దేశించిన మాట కాదు, పద్ధతి గురించి. ధర మొత్తంగా ఒకటే అయినప్పుడు లోపలి యంత్రం ఎంతకు కొన్నారన్నది కాంట్రాక్టరు సొంత వ్యవహారమైపోతుంది. టేపు ఉంటే ఈ ప్రశ్న బిల్లు రోజే వచ్చేది.

కంపెనీ పక్షాన చెప్పేది వేగం. గోదావరి మీది పట్టిసీమ ఎత్తిపోతలే వాళ్ల సాక్ష్యం: 24 పంపులు, ఏడాదిలో పూర్తి, లిమ్కా రికార్డుల్లో చోటు. కాదనలేం, కృష్ణా డెల్టా రైతుకు గోదావరి నీళ్లు అందాయి. అయితే ఆ వేగానికీ ధర ఉంది. అంచనా మీద 5 శాతం దాటకూడదన్న టెండరు పరిమితిని పక్కనబెట్టి, ఏడాదిలో ముగిస్తే 16.9 శాతం బోనస్ అని కలిపి 21.9 శాతం అదనానికి ఇచ్చిన పని అది. కాగ్ దాన్నీ తప్పుపట్టింది.

ఇంధన రంగంలో ఇదే ఊరి కంపెనీలు కొన్ని ముందే దిగి మునిగాయి. ల్యాంకో విద్యుత్ కేంద్రాలు కట్టడంతో ఆగక వాటికి యజమాని అయింది, ఆస్ట్రేలియాలో బొగ్గు గనులు కొంది, 2018లో ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే లిక్విడేషన్‌కు వెళ్లింది. ఉత్తరప్రదేశ్‌లోని దాని 1,200 మెగావాట్ల అన్పరా కేంద్రం తర్వాత మేఘా చేతికే వచ్చింది. ఒకరి శిథిలాల్లోంచి ఇంకొకరు ఇటుకలు ఏరుకున్నారు. మేఘా ఎక్కువకాలం అప్పుల యజమానిగా కాక పనివాడిగానే ఉండిపోయింది. స్టాక్ మార్కెట్లో నమోదు కాలేదు కాబట్టి మూడు నెలలకోసారి లెక్కలు జనం ముందు పెట్టే బాధ్యతా లేదు.

2019లో రెండు పెద్ద మలుపులు వచ్చాయి. ఓఎన్‌జీసీ చమురు బావులు తవ్వే 47 రిగ్గులకు ఆర్డరు ఇచ్చింది, విలువ దాదాపు రూ.6,000 కోట్లు. రిగ్గులు చేసిన చరిత్ర లేని కంపెనీ ఇటలీలోని డ్రిల్‌మెక్‌ను 2020లో కొనేసింది. అనుభవం లేకపోతే అనుభవం ఉన్న కంపెనీనే కొనాలన్నమాట! అదే 2019 శరత్కాలంలో పోలవరం రివర్స్ టెండర్, అంటే పాత కాంట్రాక్టును పక్కనబెట్టి తక్కువ ధర కోసం మళ్లీ పిలిచిన టెండర్. ప్రధాన పనులు, 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కలిపిన ప్యాకేజీకి వచ్చిన బిడ్ ఒక్కటే, అది మేఘాది. అంచనా కన్నా 12.6 శాతం తక్కువకు కోట్ చేయడాన్ని ప్రభుత్వం ఆదా అంది. పోటీకి ఒక్కరే వచ్చినప్పుడు ఆదాను దేనితో కొలవాలో చెప్పలేదు.

తర్వాత మంగోలియాలోని సైన్‌షాండ్ రిఫైనరీ వచ్చింది, ఇప్పుడు కైగా. రెండూ ఈపీసీ తరహా పనులే.

2024 ఏప్రిల్‌లో సీబీఐ పెట్టిన కేసు ఇంకా ఉంది. జగ్దల్‌పూర్ ఉక్కు కర్మాగారంలోని రూ.315 కోట్ల పనికి సంబంధించి రూ.174 కోట్ల బిల్లులు పాస్ చేయడానికి అధికారులకు దాదాపు రూ.78 లక్షలు ముట్టాయన్నది ఆరోపణ. నిందితుల్లో ప్రభుత్వ రంగ సంస్థలైన ఎన్ఎండీసీ, మెకాన్ అధికారులతోపాటు కంపెనీ కూడా ఉంది. ఆ పని అణు రియాక్టరూ కాదు, చమురు రిగ్గూ కాదు. ఒక ఇన్‌టేక్ బావి, ఒక పంప్‌హౌస్, కొన్ని కిలోమీటర్ల పైపు.