వినిపించే బల్ల పోయింది, వాట్ల లెక్క మిగిలింది

దసరా ఆఫర్లు మొదలయ్యాయంటే తిరుపతిలో ఒక పాత తగువు మళ్లీ లేస్తుంది. కంప్యూటర్ పక్కన పెట్టుకునే చిన్న స్పీకర్లు కొన్నవాళ్లు రెండో రోజుకే పెట్టె చంకన పెట్టుకుని షాపుకొస్తారు. పెట్టె మీద అరవై వాట్లని అచ్చేశారు, ఇంట్లో పెడితే ల్యాప్‌టాప్ కంటే ఓ పిసరు ఎక్కువ మోగుతోంది, అంతే అని వాళ్ల ఫిర్యాదు. సీలు తీశాక వెనక్కి తీసుకోం, పీసు బాగానే పనిచేస్తోంది కదా అని షాపువాళ్ల జవాబు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లదీ దాదాపు ఇదే గతి. చాలా వస్తువులకు అక్కడ ‘రీప్లేస్‌మెంట్ మాత్రమే’ అని రాసి ఉంటుంది. పాడైతే అలాంటిదే ఇంకొకటి వస్తుంది. పాడవకుండా నాసిగా మోగితే మాత్రం దానికి మందు లేదు.

మోసం ఎవరిదని అడిగితే వేలు ముందు షాపుల వైపే లేస్తుంది. వెనక్కి వెళ్లి చూస్తే అంత తేలిగ్గా తేలే వ్యవహారం కాదిది. సౌండ్ కార్డులు, సీడీ డ్రైవులు వచ్చి కంప్యూటర్ పాడటం మొదలుపెట్టిన కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. అప్పట్లో షాపులో ఒక బల్ల ఉండేది. అది పోయింది. నన్నడిగితే అసలు మలుపు అదే.

గాంధీ రోడ్డు వైపు ఎలక్ట్రానిక్స్ షాపులకు సరుకు చాలావరకు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి వచ్చేది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లోనో ఆర్టీసీ బస్సులోనో వెళ్లి అట్టపెట్టెలు కట్టించుకుని వచ్చేవాళ్లు. వచ్చిన ప్రతి మోడల్‌లోనూ ఒక జత సీలు విప్పి బల్ల మీద పెట్టేవాళ్లు. ఇంటెక్స్, ఫ్రాంటెక్, క్రియేటివ్, ఆల్టెక్ లాన్సింగ్ వరసగా ఉండేవి. పక్కనే ఒక పాత కంప్యూటర్. జాక్ ఒకదాంట్లోంచి పీకి ఇంకొకదాంట్లో పెడుతూ ఒకే పాటను నాలుగు జతల్లో వినిపించేవాళ్లు. తిరుపతి కాబట్టి మొదట ఒక అన్నమయ్య కీర్తన, తర్వాత ఏదో ఒక సినిమా పాట.

ఆ వరస అనుకోకుండా కుదిరినా మంచి పరీక్షే. మగ గొంతు ఒకటి కట్టై శ్రుతిలో పాడితే ఆధార షడ్జం సుమారు 130 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. తంబురా మంద్ర తీగ దానికి సగం, 65 హెర్ట్జ్ ప్రాంతం. రెండంగుళాల స్పీకర్ 65 హెర్ట్జ్‌ని పలికించలేదు. అయినా ఆ తీగ మనకు వినిపించినట్టే ఉంటుంది, ఎందుకంటే దానితో పాటే మోగే పై స్వరాలను (అనుస్వరాలను) బట్టి అడుగు స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. మృదంగం దగ్గర మాత్రం ఈ సర్దుబాటు సాగదు. ఎడమ వైపు తొప్పి మీద పడిన దెబ్బ చిన్న స్పీకర్‌లో అట్టపెట్టె తట్టినట్టు పొడిగా వస్తుంది. సినిమా పాట హోరులో ఈ తేడా దాగిపోతుంది, కీర్తనలో దాగదు. నాలుగు జతలూ వరసగా విన్నవాడికి ఇదంతా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మూడోది బావుందని చెయ్యి చూపించేవాడు.

ఇప్పుడు పెట్టె మీది అంకెల సంగతి. అవి ఇవాళ్టివి కావు. అప్పట్లో ఇంతకంటే అన్యాయంగా ఉండేవి. అరచేతిలో పట్టే స్పీకర్ మీద 400 వాట్లు, 800 వాట్లు, ఒక్కోసారి వెయ్యి దాటి ‘పీఎంపీఓ’ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అని రాసేవాళ్లు. దాన్ని ఎలా కొలవాలో చెప్పే ప్రమాణం ఎక్కడా లేదు. అదే పెట్టెలో అడాప్టర్ తిప్పి చూస్తే 9 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉండేది. అంటే లోపలికి పోయేది 9 వాట్లు, బయటికొచ్చేది అంతకంటే తక్కువ. కంపెనీల వాదన కూడా చెప్పాలి: లోపలి కెపాసిటర్లలో దాచుకున్న కరెంటు ఒక్క క్షణంలో సగంలో సగం పాటు ఒక్కసారిగా వదిలితే ఆ అంకె వస్తుందని. అలా చూస్తే అగ్గిపుల్లకీ బోలెడు వాట్లు రాయొచ్చు.

ఇంత అబద్ధం పెట్టె మీద పెట్టుకునీ అప్పట్లో తగువులు తక్కువ. అమ్మేవాడికీ కొనేవాడికీ ఆ అంకె ఉత్తిదేనని తెలుసు, పైగా చెవితో విన్నాకే డబ్బులిచ్చేవాళ్లు.

అమెజాన్ మన దేశంలో 2013 జూన్‌లో దుకాణం తెరిచింది. 2014 అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ మొదటి బిగ్ బిలియన్ డే పెట్టింది. ఆ తర్వాతి రెండు మూడేళ్లలో ఊళ్లో జరిగింది షాపువాళ్లను అడిగితే ఒకే కథ చెబుతారు. కుర్రాళ్లు వస్తారు, బల్ల దగ్గర అరగంట నిలబడి అన్నీ వింటారు, మోడల్ నంబర్ ఫొటో తీసుకుంటారు, రెండొందలు తక్కువని ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకుని వెళ్లిపోతారు. సీలు విప్పిన జత మాత్రం షాపులో మిగిలిపోతుంది. ఏడాది తిరిగేసరికి మోడల్ మారుతుంది. డెమో పీసును సగం ధరకూ ఎవరూ కొనరు, కంపెనీ వెనక్కి తీసుకోదు. చిన్న షాపులో ఆ బల్ల పట్టే చోట మొబైల్ కవర్లు, చార్జర్లు వేలాడదీస్తే రోజూ గల్లా నిండుతుంది. బల్ల తీసేశారు. ఇంకెవరున్నా అదే చేసేవాళ్లు.

బల్లతో పాటు ఇంకొకటీ పోయింది. అది ఉన్నన్నాళ్లూ కౌంటర్ వెనక మనిషికి కూడా ఏ పీసు ఎలా మోగుతుందో తెలిసేది. ఇప్పుడు ఆయనకూ పెట్టె మీది రాతే దిక్కు. కొనేవాడు ఎన్ని వాట్లని అడుగుతాడు, ఆయన పెట్టె తిప్పి చదివి చెబుతాడు. ఆన్‌లైన్‌లో వాట్లను బట్టి వడపోసే గడి ఒకటుంటుంది. పెద్ద అంకె ఉన్నది పైకొస్తుంది. ఒకప్పుడు అందరూ నవ్వుకున్న అంకె చేతిలో మిగిలిన ఏకైక ఆధారమైపోయింది. పీఎంపీఓ అన్న మాట మాత్రం మెల్లగా తప్పుకుని, దాని కుర్చీలో ‘పీక్’ (క్షణకాలపు గరిష్ఠం) వచ్చి కూర్చుంది.

2020లో లాక్‌డౌన్ వచ్చి పరిస్థితిని ఇంకా బిగించింది. ఆన్‌లైన్ క్లాసులకు, ఇంటి నుంచి ఉద్యోగాలకు స్పీకర్ కావాల్సొచ్చింది, షాపులు మూత. వినకుండా కొనడం అప్పుడు అలవాటుగా స్థిరపడిపోయింది.

అసలు టేబుల్ మీద పెట్టుకునే స్పీకర్‌కి ఎన్ని వాట్లు కావాలి? ఇది ఎవరూ సూటిగా చెప్పని సంగతి. మామూలు చిన్న స్పీకర్‌కి ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 80 నుంచి 85 డెసిబెల్ వస్తుంది. మన కుర్చీ ఆ మీటరు కంటే దగ్గరే, అంటే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. పెద్దలు 80 డెసిబెల్ మోతను వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే చెవి క్షేమంగా ఉండే హద్దు దగ్గరికి ఒక్క వాట్‌తోనే చేరుకుంటాం. ముప్పై వాట్లను అరవై చేస్తే పెరిగేది 3 డెసిబెల్, చెవికి కాస్త తేడా తెలుస్తుంది, అంతే. రెట్టింపు మోత అనిపించాలంటే శక్తి సుమారు పది రెట్లు కావాలి.

యూఎస్‌బీ స్పీకర్ల లెక్క ఇంకా తేలిక. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్, మొత్తం రెండున్నర వాట్లు. ఆ వైరు మీదే బతికే స్పీకర్ పెట్టె మీద పది వాట్లని కనబడితే, మిగతా ఏడున్నర ఎక్కణ్నుంచి వచ్చాయో అడగాల్సిందే. లాజిటెక్ జెడ్120 మీద 1.2 వాట్లని రాసి అమ్మారు. షాపుల్లో దాన్ని చూసి జనం పెదవి విరుస్తారు. నిజం రాసుకున్నవాడికి దక్కే మర్యాద అది.

అమెరికాకు ఈ జబ్బు మనకంటే ముందే వచ్చింది. స్టీరియో కంపెనీలు ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటుంటే, 1974లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ యాంప్లిఫయర్ల మీద ఒక నిబంధన తెచ్చింది. 2024లో దాన్ని సవరిస్తూ కొలతను ఇంకా బిగించింది: 8 ఓమ్‌ల లోడ్ మీద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, డిస్టార్షన్ (శబ్దం చెదిరిపోవడం) 1 శాతం దాటకుండా ఎంత ఇస్తే అంతే రాయాలి. ఈ చివరి షరతులో అసలు కీలకం ఉంది. డిస్టార్షన్‌ని 10 శాతం దాకా పోనిస్తే అదే యాంప్లిఫయర్‌కి పావు వంతు ఎక్కువ వాట్లు రాసుకోవచ్చు. పాట గరగరలాడుతుంది, అంకె బావుంటుంది. ‘ఆర్‌ఎమ్‌ఎస్’ (నిలకడగా ఇచ్చే శక్తి) అని రాసినంత మాత్రాన నమ్మేయడానికి లేదన్నది అందుకే.

మన దగ్గర 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఎంఆర్‌పీ, తయారైన నెల, ఏడాది, ఫిర్యాదు చేయాల్సిన నంబర్ ఉండాలి. వాట్లు ఏ కొలతలో కొలిచారో రాయమని అందులో లేదు. బ్లూటూత్ స్పీకర్ల మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు కనబడుతుంది. అది షాక్ కొట్టకుండా, నిప్పంటుకోకుండా చూసే భద్రత గుర్తు. మోత నాణ్యతకు దానితో సంబంధం లేదు. కౌంటర్ దగ్గర ఆ గుర్తును నాణ్యత ముద్రగా చూపించడం మాత్రం షాపుల తప్పే.

పక్కనే 2.1 గొడవ ఒకటుంది. రెండు చిన్న స్పీకర్లు, టేబుల్ కింద ఒక బాస్ పెట్టె. జనం బాస్ అడుగుతారు, మేమిస్తాం అని కంపెనీల మాట. అదీ నిజమే. చవక సెట్లలో పై స్పీకర్లు మరీ చిన్నవి కావడంతో కింది పెట్టె 150, 200 హెర్ట్జ్ దాకా పని చేయాల్సొస్తుంది. అంత ఎత్తుకు వెళితే శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పసిగట్టేస్తుంది. గాయకుడి గొంతు కింది స్థాయికి దిగగానే మోకాళ్ల దగ్గర్నుంచి పాడుతున్నట్టు ఉంటుంది. అదే డబ్బుకి బాస్ పెట్టె లేని, మూడు నాలుగంగుళాల కోన్ (కదిలి మోగే గరాటు ఆకారపు పొర) ఉన్న జత దొరికితే గొంతు ఒకచోట నిలబడుతుంది. పది వేల దరిదాపుల్లో ఎడిఫయర్ ఆర్1280టీ లాంటివాటికి పేరొచ్చింది ఇందుకే: నాలుగంగుళాల కోన్, పైన హెచ్చు స్వరాలకు వేరే ట్వీటర్, చెక్క పెట్టె, మొత్తం 42 వాట్లు. అంత పెట్టలేనివాళ్లు వాట్లు వదిలేసి కోన్ సైజు, విడి అడాప్టర్ ఉందా లేదా అన్నవి చూసుకోవడం మేలు.

షాపుకొచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి స్పీకర్ కారణమే కాదు. యూనివర్సిటీ చుట్టుపక్కల అద్దె గదుల్లో గోడలోకి దిగిన కడప బండ అల్మారాలే టేబుళ్లు. మూడు వైపులా రాయి, మధ్యలో స్పీకర్, బాస్ వెళ్లే రంధ్రం వెనక గోడకు ఆనుకుని. పాట మొత్తం గుమ్‌మంటుంది. బయటికి లాగి, గోడకు జానెడు ఎడం ఇచ్చి, ముందు కింద ఒక నోటుపుస్తకం ఎత్తు పెట్టి చెవుల వైపు వాలిస్తే మాటలు తేటపడతాయి. క్రియేటివ్ పెబుల్‌లో కోన్లు 45 డిగ్రీలు పైకి చూస్తుండేది కూడా అందుకే. ఇంకో రకం ఫిర్యాదు, పాట ఆగినా సన్నగా ఈల. కరెంటుకి యూఎస్‌బీ వైరు, పాటకి జాక్, రెండూ ఒకే కంప్యూటర్‌కి పెడితే ఆ రొద రావచ్చు. యూఎస్‌బీ స్పీకర్‌ని ఫోన్ చార్జర్ అడాప్టర్‌కి మారిస్తే చాలాసార్లు పోతుంది. బల్ల ఉన్న రోజుల్లో ఈ రెండు ముక్కలూ కౌంటర్ దగ్గరే చెప్పేవాళ్లు.

అన్నీ చేసినా మోసపోయామనుకునేవాళ్లకు దారి లేకపోలేదు. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న కొత్త వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకు నిర్వచనం ఉంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్‌కి ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే కొన్నవాళ్లు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. చిక్కల్లా ఆ తర్వాత. అరవై వాట్లు అబద్ధమని చెప్పాలంటే అది ఏ కొలతలో అరవై అన్నది ముందు తేలాలి. కంపెనీ పీక్ అంటుంది, షాపు కంపెనీని అడగమంటుంది. కమిషన్ సరుకును ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించగలదు కానీ, ఆ పరీక్ష ఫీజు ముందుగా ఫిర్యాదు చేసినవాళ్లే కట్టాల్సి రావచ్చు. పన్నెండు వందల స్పీకర్ కోసం అంత దూరం వెళ్లేవాళ్లు అరుదు.