పాత పీఎస్‌పీలో హోమ్‌బ్రూ: పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

ఆశీస్సులు. పాత పీఎస్‌పీలో (అదే, సోనీ వాళ్ళ చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్‌లో) నింటెండో వాళ్ళ గేమ్ బాయ్ ఆటలు నడుస్తాయా, నడిపిస్తే దొంగతనం అవుతుందా, కన్సోల్ పాడైపోతుందా అని మూడు ప్రశ్నలు గుక్కతిప్పుకోకుండా అడిగారు. నడుస్తాయి. మిగతా రెండూ మీరు చేసే పనిని బట్టి ఉంటాయి. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది కాబట్టి రాస్తున్నాను.

పీఎస్‌పీ 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదలైంది. లోపల ఉన్నది ఓ చిన్న కంప్యూటరే: 333 మెగాహెర్ట్జ్ దాకా వెళ్ళే ప్రాసెసర్, మొదటి మోడల్లో 32 ఎంబీ రామ్, 480×272 చుక్కల తెర. కాకపోతే కంప్యూటర్ మీరు ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా నడుపుతుంది. కన్సోల్ అలా కాదు, తయారుచేసిన కంపెనీ డిజిటల్ సంతకం ఉంటేనే నడుపుతుంది. ఆ సంతకం లేకుండా, ఎవరో సరదాగా ఇంట్లో కూర్చుని రాసిన ప్రోగ్రామ్‌నే హోమ్‌బ్రూ అంటారు. అది ఆట కావచ్చు, పుస్తకాలు చదివే ప్రోగ్రామ్ కావచ్చు, ఒక మెషీన్ ఆటల్ని ఇంకో మెషీన్‌లో నడిపే ఎమ్యులేటర్ కావచ్చు.

సంతకం అడిగే కాపలాను జనం ఎలా దాటారన్నది వినాల్సిన కథే. జపాన్‌లో మొదట అమ్మిన పీఎస్‌పీల్లో ఉన్న 1.00 ఫర్మ్‌వేర్ (కన్సోల్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అసలు సంతకమే అడగలేదు. 1.50లో అడగడం మొదలుపెట్టారు, కానీ ప్రోగ్రామ్‌ను రెండు ఫోల్డర్లలోకి విడగొట్టి దాన్ని ఏమార్చారు. 2.00లో ఫొటోలు చూపించే భాగంలోనే లోపం దొరికింది. కావాలని తేడాగా తయారుచేసిన ఒక టిఫ్ బొమ్మను తెరిస్తే చాలు, కన్సోల్ మన ప్రోగ్రామ్‌ను నడిపేది. ఇక 2007లో వచ్చిన ఉపాయం నాకు అన్నిటికంటే ఇష్టం. బ్యాటరీ లోపల చిన్న చిప్ ఉంటుంది, దానికో సీరియల్ నంబరు ఉంటుంది. ఆ నంబరు మార్చేస్తే, తనను రిపేరుకు తెచ్చారనుకుని పీఎస్‌పీ సర్వీస్ మోడ్‌లోకి వెళ్ళి, నేరుగా మెమరీ కార్డు నుంచి స్టార్ట్ అయ్యేది. అంత కట్టుదిట్టం చేసినవాళ్ళు బ్యాటరీ మాట నమ్మేశారు!

మీరు అంత దూరం వెళ్ళక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ఫర్మ్‌వేర్ వెర్షన్ ఎంతో చూడండి. ఆఖరి అధికారిక వెర్షన్ 6.61. మోడల్ ఏదో కూడా చూసి, ఆ రెండిటికీ సరిపోయే పద్ధతినే పట్టుకోండి, ఇంకో మోడల్‌కి రాసిన సూచనల జోలికి వెళ్ళొద్దు. కొన్ని పద్ధతుల్లో కన్సోల్‌ను పూర్తిగా ఆపేస్తే చేసిన మార్పు పోతుంది, మళ్ళీ ఆన్ చేసినప్పుడు ఇంకోసారి చేయాలి. మొదటిసారికి అదే మంచిది. లోపలి ఫ్లాష్ మెమరీలోకి రాసే పద్ధతి ఎంచుకుంటే మాత్రం బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, ఛార్జర్ పెట్టి ఉంచండి. రాస్తుండగా కరెంటు ఆగిపోతే కన్సోల్ బ్రిక్ అయిపోవచ్చు, అంటే ఇక ఆన్ అవదు. పాత బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే దాన్ని నొక్కకుండా, ఛార్జ్ చేయకుండా పెద్దవాళ్ళకు ఇచ్చేయండి. ముందుగా మెమరీ కార్డులో ఉన్న సేవ్ ఫైళ్ళన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. హోమ్‌బ్రూ పెట్టాల్సింది పీఎస్‌పీ ఫోల్డర్‌లో ఉన్న గేమ్ ఫోల్డర్‌లో. ఒక్కో ప్రోగ్రామ్‌కీ విడిగా ఫోల్డర్, అందులో ఈబూట్.పీబీపీ అనే ఫైలు.

ఇప్పుడు ఎమ్యులేటర్ దగ్గరికి వద్దాం. గేమ్ బాయ్ ఆటలో ఉన్న సూచనలు గేమ్ బాయ్ ప్రాసెసర్ భాషలో ఉంటాయి, పీఎస్‌పీ ప్రాసెసర్‌కి ఆ భాష తెలీదు. ఎమ్యులేటర్ ఒక్కో సూచనా చదివి, అర్థం చూసుకుని, గేమ్ బాయ్ ఏం చేసి ఉండేదో అదే చేస్తుంది. 1989లో వచ్చిన గేమ్ బాయ్ వేగం 4.19 మెగాహెర్ట్జ్, రామ్ 8 కేబీ. దాన్ని అనుకరించడం పీఎస్‌పీకి చిటికెలో పని. గేమ్ బాయ్ అడ్వాన్స్ దగ్గరే చిక్కొచ్చింది. దాని వేగం 16.78 మెగాహెర్ట్జ్, అంటే పీఎస్‌పీ దానికంటే సుమారు 20 రెట్లే వేగం. 20 రెట్లు చాలవా అంటారేమో. ఒక్క సూచనను అర్థం చేసుకుని చేయడానికి పది, ఇరవై, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సూచనలు ఖర్చవుతాయి. పైగా తెర, శబ్దం కూడా చూసుకోవాలి. అందుకే గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం రాసిన జీపీఎస్‌పీ అనే ఎమ్యులేటర్ వేరే దారి పట్టింది. వేరే భాషలో ఉన్న ఉత్తరాన్ని చదివిన ప్రతిసారీ నిఘంటువు తిరగేయకుండా, ఒకసారి తెలుగులో రాసుకుని తర్వాత అదే చదువుకుంటాం చూడండి, అలాగ. ఆటలోని సూచనల ముక్కను ఒకసారి పీఎస్‌పీ భాషలోకి మార్చి దాచుకుంటుంది, మళ్ళీ అదే ముక్క వస్తే దాచుకున్నదాన్ని నడిపిస్తుంది.

భాష ఒక్కటే అయితే ఎమ్యులేటర్ రాయడం ఇంత కష్టం కాకపోను. అసలు చిక్కు టైమింగ్‌ది. గేమ్ బాయ్ తెరను ఒక్కో అడ్డ గీతగా గీస్తుంది: కనిపించేవి 144, గీతలేమీ కనిపించకుండా ఖాళీగా గడిచేవి 10 గీతల సమయం. ఒక్కో గీతకు 456 క్లాక్ టిక్కులు, మొత్తం 70,224 అయ్యేసరికి ఒక బొమ్మ పూర్తవుతుంది. సెకనుకు దాదాపు 60 బొమ్మలు. ఆటలు రాసినవాళ్ళు దీన్ని తెలివిగా వాడుకున్నారు. తెర పైభాగం గీశాక, కిందిభాగం గీసేలోపు బ్యాక్‌గ్రౌండ్‌ను జరిపేస్తే పైన స్కోరు కదలకుండా ఉంటుంది, కింద రోడ్డు పరిగెడుతుంది. ఎమ్యులేటర్ టైమింగ్‌లో కొన్ని గీతలు అటూఇటూ అయినా స్కోరు వణుకుతుంది. శబ్దం ఇంకా మొండిది. రెండు బొమ్మలు ఎగరగొడితే కళ్ళకు పెద్దగా తెలీదు, శబ్దం ఒక్క క్షణం తెగితే మాత్రం చెవికి టక్కున తెలిసిపోతుంది.

తెర సైజు గురించి కూడా ఓ మాట. గేమ్ బాయ్ తెర 160×144. దాన్ని పీఎస్‌పీ ఎత్తు 272కి సాగదీస్తే 1.89 రెట్లు అవుతుంది. పూర్ణ సంఖ్య కాదు కాబట్టి కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి, లేదంటే అంతా మసకబారుతుంది. నేనైతే చిన్నగా ఉన్నా సరే అసలు సైజులోనే ఆడతాను. ఇది నా చాదస్తం అనుకోండి, మీ ఇష్టం మీది.

ఇక దొంగతనం సంగతి. ఎమ్యులేటర్ రాయడం వేరు, ఇంకొకరి ఆటను కాపీ కొట్టడం వేరు. ప్లేస్టేషన్ ఆటల్ని మాక్ కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్ చేసిన కనెక్టిక్స్ కంపెనీ మీద సోనీ కేసు వేస్తే, అందుకోసం వాళ్ళు సోనీ బయోస్‌ను (కన్సోల్ ఆన్ చేయగానే నడిచే లోపలి ప్రోగ్రామ్‌ను) విప్పి పరిశీలించడం తప్పు కాదని 2000లో అమెరికా అప్పీళ్ళ కోర్టు తీర్పిచ్చింది. కానీ ఆటల రోమ్ ఫైళ్ళూ (ఆట మొత్తం కాపీ ఉన్న ఫైళ్ళు), కన్సోల్‌లోని బయోస్ ఫైలూ కాపీరైట్ ఉన్నవే. ఆట పాతదైనంత మాత్రాన ఆ హక్కు పోదు. వేల ఆటలు ఒకే ఫైల్లో ఉచితం అని చెప్పే చోట్లకు వెళ్ళకండి, ఆటలతో పాటు వైరస్‌లు కూడా ఉచితంగా ఇస్తారు. రాసినవాళ్ళే ఉచితంగా ఇచ్చినవి బోలెడున్నాయి. టోబు టోబు గర్ల్ అనే ఎగిరే ఆట, ఊరు కట్టే యూసిటీ రెండూ గేమ్ బాయ్‌ల కోసం ఇష్టంగా రాసినవే, వాటి కోడ్ కూడా బయట పెట్టారు. మొదట వాటిని వేసి చూడండి.

అవి ఆడాక ఓ పని చేయండి, దీనికోసమే ఇంత పొడుగు ఉత్తరం రాశాను. మీరే ఓ చిన్న ప్రోగ్రామ్ రాయండి. జీబీడీకే 2020 అని ఉచితంగా దొరుకుతుంది, దాంతో సీ భాషలో గేమ్ బాయ్ ప్రోగ్రాములు రాయొచ్చు. బాణం బటన్లు నొక్కితే ఓ చదరం తెర మీద కదలాలి, మొదటిసారికి అంతకంటే పెద్దదేమీ వద్దు. కంప్యూటర్‌లో ఎమ్యులేటర్‌తో చూసుకుని తర్వాత పీఎస్‌పీలో వేయండి. 8 కేబీ రామ్ ఉన్న మెషీన్‌ను మొత్తం బుర్రలో పెట్టుకోవచ్చు. ఇప్పటి ఫోన్‌ని ఎవరూ అలా పెట్టుకోలేరు.

ఎమ్యులేటర్‌లో చక్కగా నడిచింది అసలు మెషీన్‌లో మొరాయించవచ్చు, టెన్షన్ పడకండి. తెర గీస్తున్న సమయంలో వీడియో మెమరీలోకి రాస్తే అసలు గేమ్ బాయ్ పట్టించుకోదు, పట్టింపులేని ఎమ్యులేటర్ ఒప్పేసుకుంటుంది. ఆన్ చేయగానే కొన్ని ఎమ్యులేటర్లలో రామ్ అంతా సున్నాలుంటాయి, అసలు దాంట్లో ఏ చెత్తయినా ఉండొచ్చు. అందుకని ప్రతి వేరియబుల్‌కీ మొదట్లోనే విలువ ఇవ్వండి.

చదరం కదిలాక రోమ్ ఫైలూ, మీరు రాసిన కోడూ రెండూ పంపండి. నా దగ్గరున్న అసలు గేమ్ బాయ్‌లో వేసి, ఎక్కడ ఆగిందో చెబుతాను.

మీ
పెదనాన్న