ఈతగాళ్ళ భుజాలు: కొలను గట్టున వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఏటా మే నెలలో భుజం పట్టుకుని నా దగ్గరికి వచ్చే పిల్లల సంఖ్య పెరుగుతుంది. ఈత పోటీలకు తయారయ్యేవారికి ఫిజియోథెరపీ చేయడం నా పని. నొప్పి సంగతి తర్వాత, ముందు వాళ్ళ వెంట వచ్చే నమ్మకాలతో కుస్తీ పట్టాలి.

అపోహ: నీళ్ళలో దెబ్బలు తగలవు.

దెబ్బ తగలదు, అరుగుదల ఉంటుంది. 25 మీటర్ల కొలనులో ఒక్కో లాప్‌కు 18 బారలు వేసే అమ్మాయి రోజుకు 5 కిలోమీటర్లు ఈదితే 200 లాప్‌లు, 3,600 బారలు. అంటే ఒక్కో భుజానికి 1,800. వారానికి ఆరు రోజులు ఈదితే పదివేలు దాటుతుంది. ఏ ఫాస్ట్ బౌలరూ వారంలో అన్ని బంతులు వేయడు! కెన్నెడీ, హాకిన్స్ అనే వైద్యులు 1974లోనే ఈ నొప్పిని ‘స్విమ్మర్స్ షోల్డర్’ అన్నారు. భుజం కీలుకు గిన్నె లోతు తక్కువ. ఎముక తల పక్కకు జరగకుండా ఆపేది చుట్టూ ఉన్న చిన్న కండరాలు. అవి అలసిపోయాక కూడా బారలు ఆగకపోతే, వాటిని ఎముకకు కలిపే స్నాయువులు దెబ్బతింటాయి.

అపోహ: నొప్పిని ఓర్చుకున్నవారికే పతకాలు.

సాధన తర్వాత కండరాల్లో వచ్చే సలుపు ఒకటి రెండు రోజుల్లో పోతుంది. చెయ్యి ముందుకు చాచి నీటిని పట్టేటప్పుడు పొడిచినట్టు వచ్చే నొప్పి, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలనివ్వని నొప్పి వేరు. అమెరికా ఈతగత్తె మిస్సీ ఫ్రాంక్లిన్ 17 ఏళ్ళకే లండన్ ఒలింపిక్స్‌లో 4 స్వర్ణాలు గెలిచింది. 2017లో రెండు భుజాలకూ శస్త్రచికిత్స జరిగింది. అయినా నొప్పి వదలక 2018 డిసెంబరులో, 23 ఏళ్ళకే రిటైరైంది. ఆమెకు ఓర్పు తక్కువని ఎవరూ అనలేరు.

అపోహ: భుజం బిగుసుకుంది, సాగదీస్తే సర్దుకుంటుంది.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. ఒకడు కూర్చుంటే ఇంకొకడు వెనక నిలబడి, రెండు మోచేతులూ కలిసేదాకా లాగుతాడు. ఈతగాళ్ళ కీలు చాలావరకు ముందే వదులుగా ఉంటుంది. దాని ముందు భాగాన్ని ఇంకా వదులు చేసి మనం సాధించేదేమిటి? కావలసింది బలం. రబ్బరు బ్యాండుతో చేతిని బయటివైపు తిప్పే వ్యాయామం, భుజపుటెముకను వెనక్కి, కిందికి పట్టి ఉంచే వ్యాయామం చేయించాలి. నిజంగా బిగుసుకునేవి ఛాతీ కండరాలు, గంటల తరబడి పుస్తకాల మీదికి వంగిన వీపు పైభాగం. సాగదీయాలంటే వాటిని సాగదీయండి.

అపోహ: భుజం నొప్పి ఉంటే కిక్ బోర్డు (నీటిపై తేలే పలక) పట్టుకుని కాళ్ళు ఆడిస్తే చాలు.

బోర్డును ముందుకు చాచి పట్టుకున్నప్పుడు, నొప్పి పుట్టించే ఆ భంగిమలోనే భుజాన్ని అరగంట సేపు కట్టేసినట్టవుతుంది. వెల్లకిలా తిరిగి, చేతులు పక్కన పెట్టుకుని కిక్ చేయాలి. నీటిని గట్టిగా నెట్టేందుకు అరచేతులకు తగిలించుకునే ప్యాడిల్స్‌ను అయితే మొదటి రోజే సంచిలో పెట్టేయాలి. కాళ్ళ సాధనను మాత్రం చిన్నచూపు చూడకండి. 2007 చివర్లో మణికట్టు విరిగినప్పుడు మైఖేల్ ఫెల్ప్స్ కిక్ సాధన మీదే పడ్డాడు. మరుసటి ఏడాది బీజింగ్‌లో 8 స్వర్ణాలు గెలిచాడు.

అపోహ: ఎమ్మారైలో చిరుగు కనిపించిందంటే ఆపరేషన్ తప్పదు.

నొప్పి లేని ఈతగాళ్ళ స్కానింగుల్లోనూ మార్పులు కనిపిస్తాయి. చికిత్స మనిషికి, ఫిల్ముకు కాదు. చెయ్యి తిమ్మిరెక్కితే, పట్టు తగ్గితే మెడను కూడా పరీక్షించాలి. మెడ డిస్కు సమస్యతో నలిగిన సజన్ ప్రకాశ్ కోలుకుని, 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని (రెండు చేతులూ ఒకేసారి విసిరే ఈత) 1 నిమిషం 56.38 సెకన్లలో ముగించాడు. ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే ‘ఎ’ ప్రమాణాన్ని అందుకున్న మొదటి భారతీయ ఈతగాడు అతడే.

 

అపోహ: నొప్పి తగ్గేదాకా నీళ్ళు ముట్టకూడదు.

మే నెల రద్దీకి మూలం ఇలాంటి ఆలోచనే. “పదో తరగతి కదా సార్, మూడు నెలలు మాన్పించాం” అంటారు తల్లులు. ఆ మూడు నెలల్లో స్నాయువులు భారానికి అలవాటు తప్పుతాయి. పరీక్షలు అయిపోగానే, సెలెక్షన్లు దగ్గర పడ్డాయని మొదటి వారమే పాత 5 కిలోమీటర్లు ఈదిస్తారు. నొప్పి కోసం నెల రోజులు పూర్తిగా మానేసినా జరిగేది ఇదే. నేనైతే పాత దూరంలో పావు వంతుతో, బటర్‌ఫ్లై లేకుండా మొదలుపెట్టిస్తాను. మర్నాడు పొద్దున భుజం ఎలా ఉందో అడిగాకే ఆ వారం దూరం పెంచాలా వద్దా అన్నది తేలుస్తాను. పరీక్షల రోజుల్లో వారానికి రెండుసార్లు కొలనుకు పంపితే మరీ మంచిది. అదీ కుదరకపోతే రబ్బరు బ్యాండును చదువుకునే గది తలుపు గడియకు కట్టుకోమంటాను. వారానికి మూడు రోజులు, పదిహేనేసి నిమిషాలు.