1995 ఆగస్టు: చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి కావడం గురించి అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పేవారికి ఒక చిక్కు ఉంది. ఫిరాయింపుల చట్టం (గెలిచాక పార్టీ మారే సభ్యులను అనర్హులను చేసే చట్టం) పాఠానికి 1995 ఆగస్టును మించిన ఉదాహరణ దొరకదు. తెలుగుదేశం ఎమ్మెల్యేలు పార్టీ పెట్టిన ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను వదిలి ఆయన అల్లుడు చంద్రబాబు వెంట నడిచింది అప్పుడే. కానీ ఆ చంద్రబాబుది పక్కనే ఉన్న నారావారిపల్లె. పిల్లలు ఆయన కథను ఇంట్లో ముందే విని వస్తారు; ఒక ఇంట్లో అది వెన్నుపోటు, మరో ఇంట్లో పార్టీని కాపాడిన సాహసం. నేను బోర్డు మీద మొదట 294 అని, దాని కింద 216 అని రాసి, ఆ తర్వాతే పాఠం మొదలుపెడతాను. మొదటిది అప్పటి శాసనసభ స్థానాల సంఖ్య, రెండోది 1994లో తెలుగుదేశం గెలిచిన స్థానాల సంఖ్య.

అపోహ: మామగారి చలవతోనే ఆయన రాజకీయాల్లోకి వచ్చారు.

వాస్తవం: ఎన్టీఆర్ పార్టీ పెట్టడానికి నాలుగేళ్ల ముందే, 1978లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే చంద్రబాబు చంద్రగిరి నుంచి ఇందిరా కాంగ్రెస్ అభ్యర్థిగా శాసనసభకు ఎన్నికయ్యారు. అప్పటికి పెళ్లి కాలేదు. వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో విద్యార్థి రాజకీయాలు నడిపిన ఆ యువకుడికి కాలం కూడా కలిసొచ్చింది. ఆ ఏడాది మొదట్లో కాంగ్రెస్ చీలినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి వెంగళరావు సహా ఎందరో పెద్దలు ఇందిరను వ్యతిరేకించిన రెడ్డి కాంగ్రెస్‌లో ఉండిపోవడంతో, ఇందిర పక్షానికి కొత్త ముఖాలు అవసరమయ్యాయి. 1980లో అంజయ్య మంత్రివర్గంలో చోటు దక్కింది. 1983లో ఎన్టీఆర్ ప్రభంజనం వీచినప్పుడు ఆయన కాంగ్రెస్‌లోనే ఉండి, సొంత చంద్రగిరిలో తెలుగుదేశం అభ్యర్థి చేతిలో ఓడిపోయి, ఆ తర్వాతే మామగారి పార్టీలో చేరారు. కాబట్టి బంధుత్వం ఆయనకు రాజకీయ ప్రవేశం ఇవ్వలేదు. ఓడినవాడికి గెలిచిన పార్టీలో చోటు మాత్రం ఇచ్చింది, అదీ చిన్న మేలేమీ కాదు.

అపోహ: 1995లో జరిగింది ఒక్క రాత్రి కుట్ర.

వాస్తవం: ఈ అపోహను విడదీయడానికి నాకు ఒక పీరియడ్ చాలదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేసి, తెలుగుదేశంలోనే తిరుగుబాటు చేసిన నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించినప్పుడు, తెలుగుదేశం ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి, వారు చేజారిపోకుండా కాపాడుకున్నారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజుల్లో ఎమ్మెల్యేల లెక్క చూసుకున్నవారిలో చంద్రబాబు ఒకరు. ఎవరు గట్టిగా నిలబడతారు, ఎవరిని ఏ మాటతో నిలపాలి అన్న విద్య అక్కడ అబ్బింది. తర్వాత పార్టీ ప్రధాన కార్యదర్శిగా శిక్షణ తరగతులు, కార్యకర్తల వివరాలు, జిల్లా నాయకుల తగాదాలు అన్నీ ఆయన చేతుల మీదుగానే నడిచాయి. ప్రజలు ఎన్టీఆర్‌ను చూసి ఓటేశారు, కానీ ఎమ్మెల్యేకు పని పడితే వెళ్లే గడప మాత్రం చంద్రబాబుది. (లీలామహల్ దగ్గర టీ తాగుతూ ఒక పాత కార్యకర్త నాతో, "పెద్దాయనకు దండం పెట్టేవాళ్లం సార్, కాగితం మాత్రం బాబుకిచ్చేవాళ్లం" అన్నాడు. నా పాఠంలో ఇంతకన్నా సూటి వాక్యం లేదు.)

అపోహ: అంతా ఎన్టీఆర్ రెండో భార్య లక్ష్మీపార్వతి జోక్యం వల్లే జరిగింది.

వాస్తవం: తిరుగుబాటుదారులు జనం ముందు పెట్టిన కారణం అదే, పూర్తిగా అబద్ధమూ కాదు. కానీ ఎన్టీఆర్ నడిపిన పార్టీలో అసమ్మతి చెప్పుకోవడానికి దారి అంతకుముందు నుంచే లేదు. 1989లో ఆయన మొత్తం మంత్రివర్గాన్నే ఒక్కసారిగా తొలగించారు. నాయకుణ్ణి ప్రశ్నించే అంతర్గత ఎన్నిక గానీ కమిటీ గానీ లేని పార్టీలో, నాయకుణ్ణి దించగలిగిన ఏకైక వేదిక శాసనసభాపక్షం. ఆ వేదికలో తలలు ఎవరి వెంట ఉంటే పార్టీ వారిదే అవుతుంది. ఒక స్త్రీ మీదికి నెపం నెట్టడం రెండు వర్గాలకూ సౌకర్యంగా ఉండింది, ఎందుకంటే అలా చేస్తే పార్టీ నిర్మాణంలోని లోపం గురించి ఎవరూ మాట్లాడనక్కరలేదు.

అపోహ: అది రాజ్యాంగ విరుద్ధం.

వాస్తవం: ఎక్కువమంది నాతో ఏకీభవించనిది ఇక్కడే. ఎమ్మెల్యేలు హైదరాబాద్ వైస్రాయ్ హోటల్లో చేరారు, ఎన్టీఆర్ సభను రద్దు చేయమన్నారు, మెజారిటీ చేజారిందని తేలాక రాజీనామా చేశారు, సెప్టెంబర్ 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. ముఖ్యమంత్రికి సభ విశ్వాసం ఉండాలన్నదే రాజ్యాంగం కోరేది. బలాబలాలు సభలోనే తేలాలని బొమ్మై కేసులో సుప్రీంకోర్టు 1994లో చెప్పింది కూడా. ఫిరాయింపుల చట్టం ఉన్న రాజ్యాంగ పదో షెడ్యూల్ అప్పట్లో మూడో వంతు సభ్యుల చీలికను సైతం అనుమతించేది. 216లో అది 72 మంది. ఆ వెసులుబాటును 2003లో గానీ తీసేయలేదు. చంద్రబాబు వెంట అంతకు చాలా ఎక్కువమంది ఉన్నారు. చట్టం కోణంలో తప్పు పట్టడం కష్టం. అయితే ఆ 216 మందిలో చాలామంది గెలిచింది ఎన్టీఆర్ బొమ్మ పెట్టుకునే కదా, అన్న ప్రశ్న చట్టానిది కాదు, ప్రజాతీర్పుది. చంద్రబాబు విశ్వాస పరీక్ష రోజున సభలో మాట్లాడటానికి ఎన్టీఆర్‌కు అవకాశం దక్కలేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా మింగుడుపడని ఘట్టం అదే.

అపోహ: ప్రజలు వెంటనే ఆయన్ని ఆమోదించారు.

వాస్తవం: ఎన్టీఆర్ 1996 జనవరి 18న కన్నుమూశారు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో చంద్రబాబు పక్షానికి 42లో 16 స్థానాలు వచ్చాయి, లక్ష్మీపార్వతి పక్షానికి ఒక్కటీ రాలేదు. దీన్ని ఆమోదముద్రగా చూపేవారు సైకిల్ గుర్తు ఎవరి దగ్గర ఉందో చెప్పరు. అది చంద్రబాబు దగ్గరే ఉంది. ఆయన నాయకత్వం మీద శాసనసభ ఎన్నిక 1999లో గానీ జరగలేదు. అప్పుడు తెలుగుదేశం 180 స్థానాలు గెలిచింది. "మరి అది చాలదా సార్?" అని పాకాల నుంచి వచ్చే ఒక విద్యార్థి అడిగాడు. నాలుగేళ్ల పాలన మీద ప్రజలు వేసిన ఓటుగా చాలునని చెప్పాను. 1995 ఆగస్టులో వారిని ఎవరూ అడగలేదు.