బొబ్బిలి కథ: అపోహలు - వాస్తవాలు (ఒక బుర్రకథకుడి మాట)

ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు విజయరామరాజు కలిసి బొబ్బిలి కోట మీదికి వచ్చిన బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. దాని గురించి పుస్తకంలో చదివినవాళ్లకంటే పాటగానో, కథగానో, సినిమాగానో తెలుసుకున్నవాళ్లే ఎక్కువ. కథ చెప్పి దిగాక నన్ను అడిగే ప్రశ్నలూ, "మీరు తప్పు చెప్పారు" అనే మాటలూ దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒకటే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అసలు పాట ఒకటుంది, మిగతావన్నీ దానికి కవర్ వెర్షన్లు.

ఈ మధ్య కుర్రకారు ఎక్కువగా అడిగేది ఇదే: "ఒరిజినల్ ఎవరిదండీ?" కవర్ అనాలంటే ముందు ఒక రికార్డు ఉండాలి. బొబ్బిలి కథకు అలాంటి రికార్డు లేదు. పెద్దాడ మల్లేశం పేరుతో మనకు దొరికే పాట ఉంది. యుద్ధం జరిగిన కొన్ని దశాబ్దాలకే దిట్టకవి నారాయణకవి అదే యుద్ధం మీద రాసిన పద్యకావ్యం 'రంగరాయ చరిత్రము' ఉంది. ఊరూరా తిరిగి కథలు చెప్పుకునే జంగాలు రాత్రుళ్లు చెప్పిన కథ ఉంది. ఆ తర్వాత షేక్ నాజర్ గారి బుర్రకథ వచ్చింది. 1964లో ఎన్టీఆర్ బొబ్బిలి రాజు రంగారావుగా, ఎస్వీ రంగారావు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడిగా, భానుమతి రాణి మల్లమ్మగా సినిమా వచ్చింది. వీటిలో ఏ ఒక్కటీ ఇంకోదానికి నకలు కాదు.

మరి కథ మారదా అంటే, మారుతుంది. వరుసలు మారతాయి, వచనం మారుతుంది, ఊరిని బట్టి హాస్యం మారుతుంది. మారనిది ఘట్టాల వరుస: బుస్సీ సైన్యం రావడం, బొబ్బిలి వదలమనడం, రంగారావు కాదనడం, ముట్టడి, కోట లోపలి ఘోరం, చివర గుడారంలో పాపారాయుడి చేతిలో విజయరామరాజు హత్య. ఈ వరుస చెదరనంతవరకు ఎవరు ఏ రాగంలో పాడినా అది బొబ్బిలి కథే అంటాను. ర్యాప్ లాగా పాడినా నాకు అభ్యంతరం లేదు. ఘట్టాలు ఎత్తేసి ఉత్త మీసాలు మెలేసే డైలాగులు మిగిల్చితే మాత్రం ఉంది.

అపోహ: బుర్రకథ బొబ్బిలి యుద్ధమంత పాతది.

కాదు. నడుమ తంబుర పట్టిన కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ వంత పాడే ఇద్దరు (హాస్య వంత, రాజకీయ వంత), ఈ రూపం 1940లలో ప్రజానాట్యమండలి రోజుల్లో స్థిరపడింది. అంతకుముందున్నది జంగం కథ, తందాన కథ. వేదిక కొత్తదైనా కథ పాతదే.

అపోహ: బొబ్బిలి గొడవ కోడిపందెంలో మొదలైంది.

కోడిపందెం పల్నాటి కథది. నాగమ్మ, బ్రహ్మనాయుడు, మాచర్ల, గురజాల. కొందరు దాన్ని తెచ్చి బొబ్బిలికీ అంటించారు. జనం ఈలలు వేస్తారు కాబట్టి కథకులూ వదల్లేదు.

అసలు గొడవలో నీళ్లున్నాయి, పన్నులున్నాయి. బొబ్బిలి, విజయనగరం ఇరుగుపొరుగు సంస్థానాలు. బొబ్బిలివాళ్లు వాగుల నీళ్లు తమ పొలాలకు మళ్లించుకుంటున్నారన్నది విజయనగరం ఫిర్యాదు అని ఆ కాలపు చరిత్ర రాసిన రాబర్ట్ ఆర్మ్ చెబుతాడు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను, అంటే ఈ కోస్తా ప్రాంతాన్ని, ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. శిస్తు వసూలు చేసుకోవడానికి బుస్సీకి స్థానికంగా ఒక పెద్ద అండ కావాలి. ఆ అండ పూసపాటి విజయరామరాజు. మధ్యలో బుస్సీ దివాను హైదర్ జంగ్. బొబ్బిలి వదిలేసి వేరేచోట భూములు తీసుకోమని రంగారావుకు చెప్పారు. ఆయన కదలనన్నాడు.

ఇవి చెబితే కథ చప్పబడుతుందని భయపడేవాళ్లకు నా అనుభవం చెబుతాను. కాలువ నీళ్ల కోసం తగువు పడ్డ ఊళ్లో ఈ ఘట్టం చెప్పి చూడండి, కోడిపందేనికంటే ఎక్కువ నిశ్శబ్దంగా వింటారు.

అపోహ: తాండ్ర పాపారాయుడు కోటలో నిలబడి పోరాడాడు.

ఆయన ఆ రోజు రాజాంలో ఉన్నాడు. కబురు సమయానికి అందలేదు, వచ్చేసరికి అంతా అయిపోయింది. పాటలో పాపారాయుడికి అంత బలం వచ్చిందే ఆ ఆలస్యం వల్ల. ఆయన్ను ముందే తెచ్చి కోట బురుజు మీద నిలబెట్టిన వెర్షన్లు నేను విన్నాను. చివరి హత్య వాటిలో ఇంకో ఫైటింగు సీనుగా మిగిలిపోయింది.

కోట విషయం కూడా ఇక్కడే చెప్పాలి. సెట్టింగుల్లో చూసే రాతి కోట కాదది. చుట్టూ అడవి ఉన్న మట్టి గోడల కోట. ఫిరంగుల ముందు అది ఎంతసేపు నిలవగలదో లోపలివాళ్లకు తెలుసు.

అపోహ: ఆడవాళ్లంతా నవ్వుతూ అగ్నికి ఆహుతయ్యారు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. గోడలు నిలవవని తేలాక మగవాళ్లే ఇళ్లకు నిప్పు పెట్టారని, బయటికి పరుగెత్తిన ఆడవాళ్లను, పిల్లలను తామే పొడిచారని ఆర్మ్ రాశాడు. రంగారావు తుపాకి గుండుకు పడిపోయాడు. కోట పడ్డాక ఒక ముసలాయన ఒక పసివాణ్ణి 'లా' (Law) అనే పేరున్న ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. వీడు రంగారావు కొడుకు, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా నేను కాపాడాను అన్నాడు.

ఆ ముసలాయన పేరు చరిత్రలో లేదు. మా కథల్లో ఆయన గురించి రెండు చరణాలైనా ఉండవు. మల్లమ్మ త్యాగానికి అరగంట ఇచ్చే మేము, రాజు మాట కాదని ఒక ప్రాణం నిలబెట్టిన మనిషికి అర నిమిషం ఇవ్వం. ఈ ఘట్టం దగ్గర నేను వంతల్ని ఆపేస్తాను. తందాన లేకుండా వచనంలోనే చెబుతాను. నిప్పును వర్ణిస్తూ వేగం పెంచి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. కానీ చచ్చిపోయిన పిల్లల మీద చప్పట్లు వద్దు.

అపోహ: విజయరామరాజు చావుతో అంతా ముగిసింది.

పాట అక్కడ ఆగుతుంది. చరిత్ర ఆగలేదు. విజయనగరం గద్దెకెక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్లను వదిలి ఇంగ్లిషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లు ఓడారు. ఉత్తర సర్కారుల్లో వాళ్ల పని అయిపోయింది. 1794లో అదే ఇంగ్లిషువాళ్ల ఈస్టిండియా కంపెనీ సైన్యం పద్మనాభం దగ్గర విజయనగరం చిన్న విజయరామరాజును చంపింది. ఆ తర్వాతే, ముసలాయన కాపాడిన ఆ పసివాడు చిన్న రంగారావుగా బొబ్బిలి జమీందారయ్యాడు.

1757 నుంచి 1794 దాకా నడిచిన ఈ ముప్పై ఏడేళ్ల చరిత్ర నేను పాడే కథలో ఇంతవరకు చోటు చేసుకోలేదు. ప్రస్తుతం వచనంలో చెబుతున్నాను. పద్మనాభం ఘట్టానికి వరుసలు కడుతున్నాను. పాత జంగం వరుసలు తెలిసినవాళ్లెవరైనా ఉంటే వచ్చి నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.