నెట్ ఫోన్ల గురించి రోజూ వినే అపోహలు, వాస్తవాలు

ఆఫీసుల్లో, హాస్పిటళ్లలో ఐపీ ఫోన్లు, అంటే ఇంటర్నెట్ మీద మాట్లాడే ఫోన్లు పెట్టడం నా పని. ఎక్కడికి వెళ్లినా ఈ మాటలే ఎదురవుతాయి.

అపోహ: నెట్ స్పీడ్ ఎక్కువుంటే వాయిస్ దానంతటదే బాగుంటుంది.
వాస్తవం: గొంతుని డేటాగా మార్చడానికి మామూలుగా వాడే జి.711 కోడెక్‌తో ఒక కాల్‌కి ఒక్కో వైపు 90 కేబీపీఎస్ కూడా పట్టదు, కాబట్టి 100 ఎంబీపీఎస్ లైనున్న చోట స్పీడ్ సమస్యే కాదు. మీ గొంతు సాధారణంగా 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్ (చిన్న డేటా ముక్క) చొప్పున వెళ్తుంది, అవి వరసగా, టైముకి చేరాలి, అంతే. సీసీ కెమెరాల బ్యాకప్ క్లౌడ్‌కి ఎక్కుతున్నప్పుడు ఆ ప్యాకెట్లు రూటర్‌లో ఇరుక్కుపోతాయి, అవతలివాళ్లకి మన మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. చాలామంది వెంటనే పెద్ద ప్లాన్‌కి మారిపోతారు, నాకు నిజంగా బాధేస్తుంది. ముందు రూటర్‌లో క్యూఓఎస్ సెట్టింగ్ తెరిచి వాయిస్‌కి ప్రయారిటీ ఇవ్వండి. చాలాచోట్ల అక్కడితో సరిపోతుంది.

అపోహ: ఇండియాలో ఇది చట్టవిరుద్ధం.
వాస్తవం: కాదు. 2002 నుంచి పరిమితంగా అనుమతి ఉంది, 2018లో టెలికాం శాఖ లైసెన్సున్న కంపెనీలకు దారి పూర్తిగా తెరిచింది. విదేశీ కాల్స్‌ని సిమ్ బాక్సులతో (చాలా సిమ్‌లు పెట్టే డబ్బాలతో) లోకల్ కాల్స్‌గా మార్చే దొంగ ఎక్స్ఛేంజీలు మాత్రం నేరమే, అలాంటి చవక లైన్ల జోలికి పోకండి.

అపోహ: ఫోన్ కంపెనీలకు ఇది బద్ధశత్రువు.
వాస్తవం: ఒకప్పుడు వాళ్లూ అలాగే అనుకున్నారు. 2014 డిసెంబరులో నెట్ కాల్స్‌కి విడిగా డబ్బు తీసుకుంటామని ఎయిర్‌టెల్ ప్రకటించి, జనం గొడవ చేయడంతో వెనక్కి తగ్గింది. రెండేళ్లు తిరక్కుండానే జియో వచ్చి మొత్తం వాయిస్‌ని వోల్టీ (4జీ డేటా మీద కాల్స్) మీదే నడిపింది, అంటే అందులో మాట్లాడే ప్రతి మాటా ఐపీ ప్యాకెట్టే. ఆ తర్వాత వైఫై కాలింగ్‌ని కంపెనీలే మన ఫోన్లలో పెట్టాయి.

అపోహ: పాత ల్యాండ్‌లైన్ పీకేసి ఇది పెట్టుకుంటే ఏ తేడా ఉండదు.
వాస్తవం: ఉంటుంది, ఇదొక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రాగి తీగ ల్యాండ్‌లైన్‌కి ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పనిచేసేది. ఇప్పుడు రూటర్ ఆగితే ఫోన్ కూడా ఆగినట్టే, అందుకే ఫోన్‌తో పాటు రూటర్‌కి, ఫైబర్ డబ్బాకి కూడా యూపీఎస్ పెట్టించండి. అమెరికాలో నెట్ ఫోన్ వాడే మనవాళ్లకి ఇంకో మాట: ఇలాంటి ఫోన్లకూ 911 (అక్కడి ఎమర్జెన్సీ నంబరు) తప్పనిసరి అని అక్కడ 2005లోనే రూలొచ్చింది, కానీ ఇంట్లో పెట్టుకునే ఈ ఫోన్లలో 911 వాళ్లకి మామూలుగా కనిపించేది మీరు అకౌంట్‌లో రాసిన అడ్రసే. ఇల్లు మారిన రోజే అది మార్చండి.